వద్దన్న బండి

మా కారు బానెట్ ఎత్తిన ప్రతి మెకానిక్కూ మొదట ఒకే మాట అడుగుతాడు: "ఇదింక నడుస్తుందా అక్కా?" నడవకపోతే నీ ముందుకెలా వచ్చింది నాయనా, మోసుకొచ్చామనుకున్నావా అంటాను. నా నోరు అలాంటిది. బస్తీలో అందరికీ తెలుసు.

బాపు కొన్నప్పటికే అది సెకండ్ హ్యాండ్. దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో మాకు పాలు, పెరుగు దుకాణం ఉంది. ఒకప్పుడు ఇంటి వెనక బర్రెల కొట్టం ఉండేది. బర్రెలను అమ్మేశాక ఆ కొట్టంలోకే ఈ కారు వచ్చి చేరింది. నాకు డ్రైవింగ్ నేర్పింది బాపే. ఆడపిల్లకు కారెందుకు, జనం నవ్వుతారని బంధువులంటే, "నవ్వనియ్యిరి, పండ్లు కనపడుతయ్," అనేవాడు. బాపు పోయాక దుకాణం, కారు, అమ్మ మూడూ నా వంతుకొచ్చాయి.

అమ్మకు కిడ్నీలు పనిచేయడం మానేసి ఏడాది కావస్తోంది. మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. ఆసుపత్రి మూసీకి అవతల, అఫ్జల్‌గంజ్ దాటి ఇంకాస్త పోవాలి. వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది కానీ, వచ్చేటప్పుడు బీపీ పడిపోయి వెనక సీట్లో పడుకునే వస్తుంది. ఆటోలో ఆ కుదుపులకు తట్టుకోలేదు. ఫోన్లో క్యాబ్ బుక్ చేస్తే డ్రైవరు మా సందు మొగదాకా వచ్చి, లోపలి ఇరుకు చూసి, క్యాన్సిల్ కొట్టి పోతాడు. కాబట్టి మాకు ఆ కారే దిక్కు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఒక పాత కారు కోసం నేను ఆ వారమంతా అంత లొల్లి ఎందుకు చేశానో అర్థం కాదు.

ఒక మంగళవారం అఫ్జల్‌గంజ్ దాటాక కారు రెండు మూడుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. వెనక నుంచి హారన్లు. పండ్ల బండి ఆయన, ఇంకో ఇద్దరు కలిసి పక్కకు తోశారు. పది నిమిషాలు ఎండలో నిలబడి, అందరినీ తిట్టుకుని, చివరిసారి అన్నట్టు తాళం తిప్పితే ఠక్కున స్టార్టయింది. ఏమీ జరగనట్టే పోయింది. వచ్చేటప్పుడు మళ్లీ అదే కథ.

మా మెకానిక్ చాచా ఆ వారం ఊళ్లో లేడు, కూతురి దగ్గరికి వెళ్లాడు. బుధవారం ఇంకో అతని దగ్గరికి తీసుకుపోయాను. పెట్రోల్ సరిగ్గా రావడం లేదన్నాడు. ఆ ముక్క నిజమే, కాదనను. పంపు మార్చాడు, ఫిల్టర్ మార్చాడు. సందులో రెండు చక్కర్లు కొట్టి, "ఇగ ఫికర్ లేదక్కా, ఢిల్లీ దాక పో," అన్నాడు. ఢిల్లీ ఎవరికి కావాలి! నాకు అఫ్జల్‌గంజ్ అవతలి దాకా పోతే చాలు.

ట్యాంకులో పెట్రోల్ తక్కువగా ఉంటే అడుగున ఉన్న చెత్త లాగుతుందని ఎవరో అంటే, గురువారం పొద్దున బంకులో నిండుగా కొట్టించాను. ఈసారి నయాపుల్ కూడా రాకుండానే ఆగిపోయింది. మంగళవారం కంటే ముందే! పెట్రోల్ నిండుగా ఉంటే ఇంకా తొందరగా ఆగడమేమిటి? ఆ ప్రశ్న నాకు రావాల్సింది. రాలేదు. కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నాకు ఇంకేమీ రావు. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. అమ్మ తరవాత ఆ మెషిన్ మీద ఇంకొకరికి టైము ఉంటుంది కదా, నాలుగు గంటలు చేయాల్సింది మూడు గంటలకే దించేశారు.

శుక్రవారం మరొకడు. పొట్టిగా, నోట్లో గుట్కాతో, నా మాట సగంలోనే అన్నీ అర్థమైపోయినట్టు తలూపుతూ ఉండేవాడు. వేడికి పైపులో పెట్రోల్ ఆవిరైపోతోంది, పంపు మీద తడిబట్ట వేస్తే చాలన్నాడు. వేయమన్నాను. కారు తీసుకుని చుట్టూ తిరిగాం, ఆగింది. బట్ట తడిపి పంపు మీద వేశాడు, కాసేపు ఆగి తాళం తిప్పితే స్టార్టయింది. చూసిన్రా అన్నట్టు నావైపు చూశాడు. బట్ట వేయకపోయినా ఆ కాసేపు ఆగితే స్టార్టయ్యేదని అప్పుడు నాకు తెలియదు. పోతూ పోతూ ఒక మాట వదిలాడు: "బండిల దమ్ లేదక్కా. అమ్మేయ్యిరి." ఒళ్లు మండింది. నీ బండి కాదుగా, నోరుంది కదా అని అనేస్తావా అన్నాను.

శనివారం సీటు పక్కన రెండు తడిబట్టలు, నీళ్ల బాటిల్ పెట్టుకుని బయల్దేరాను. సరిగ్గా నయాపుల్ మీద, వంతెన నడిమధ్యలో ఆగింది. వెనక సిటీ బస్సు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి మా ఇంటివాళ్లందరినీ తలుచుకున్నాడు. నేనూ వాళ్లింటివాళ్లను తలుచుకున్నాను. బానెట్ ఎత్తి పంపు మీద తడిబట్ట వేశాను, ఊదాను, తిట్టాను. ఉలకదు, పలకదు. అప్పుడు వెనక సీట్లోంచి అమ్మ పిలిచింది.

"మలుపు బిడ్డా. ఇంటికి పోదాం."

"ఇంటికేంది? మెషిన్ టైమ్ అయితుంది."

"చాలు ఇగ. మూడుపారీలు ఆపింది. బండి గూడ వద్దంటున్నది. ఇంకెన్నిసార్లు చెప్పాలె అది?"

"బండికి నోరుందా అమ్మా? అది వద్దంటదా, కావాలంటదా? పెట్రోల్ వస్తలేదు, అంతే!"

"నీ బాపు ఉన్నన్ని దినాలు ఒక్కపారి ఆగిందా? నన్ను దవాఖానకు తీసుకపోతుంటెనే ఆగుతున్నది. నాకు సమజ్ అయింది. నీకే అయితలేదు."

నడివంతెన మీద అరిచాను. అమ్మ అరవలేదు. కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ఆమె అరిస్తే నేను గెలవగలను, ఊరుకుంటే నాకు చేతకాదు. ఇరవై నిమిషాల తరవాత కారు స్టార్టయింది. మలుపుకుని వచ్చేశాను. ఇంటిదాకా ఒక్కచోట కూడా ఆగలేదు, చక్కగా ఉరికింది. చూసినవా అన్నట్టు అమ్మ బానెట్‌ను తట్టి లోపలికి పోయింది. మంగళవారం కూడా రానని రాత్రి అన్నం దగ్గర చెప్పేసింది.

డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో డాక్టరు మొదట్లోనే దాపరికం లేకుండా చెప్పాడు. నీళ్లు ఒంట్లో ఉండిపోతాయి. ముందు కాళ్లు వాస్తాయి, తరవాత ఊపిరికి కష్టమవుతుంది, ఆ తరవాత సంగతి అడగొద్దన్నాడు. ఆదివారం పొద్దున అమ్మ పాదం మీద వేలు పెట్టి నొక్కి చూశాను. గుంట పడి అలాగే ఉండిపోయింది. మంగళవారంలోపు ఆ కారును బాగు చేయించి, అది వద్దనడం లేదని ఆమెకు చూపించాలి. అప్పుడు నా బుర్రలో ఉన్నదంతా అదే.

ఆ మధ్యాహ్నం చాచా వచ్చాడని తెలిసి పరుగెత్తాను. రైల్వే గోడ పక్కన ఆయన షెడ్డు. అరవై దాటినాయన, చూపు తగ్గింది గానీ చెవి పదునే. కారు చూసి బానెట్ జోలికే పోలేదు. చాయ్ తాగుతూ అడగడం మొదలుపెట్టాడు. బయల్దేరిన ఎంతసేపటికి ఆగుతుంది? ఆగినాక ఎంతసేపటికి స్టార్ట్ అయితది? ట్యాంకు నిండుగ ఉన్నప్పుడు తొందరగ ఆగిందా, లేటుగనా? అంతకుముందు ఇద్దరూ ఇవేమీ అడగలేదు. నిండుగా ఉన్న రోజే తొందరగా ఆగిందని చెప్పగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"సమజ్ అయింది బేటీ. టాంకీకి దమ్ అందుతలేదు."

"మీరు గూడ గదే అంటరా చాచా! దమ్ లేదు, అమ్మేయమని మొన్న ఇంకొకడు గూడ అన్నడు."

"అరే, ఆ దమ్ కాదు!" నవ్వాడు. "ఇంజన్ల దమ్ మస్తున్నది. నేను చెప్పేది ఊపిరి. సాఁస్. టాంకీ ఊపిరి తీసుకుంటలేదు. మీ ఇంట్ల నూనె డబ్బకు ఒక్కటే బొక్క కొడ్తె నూనె పడుతదా?"

"పడది. గుడగుడ అని ఆగుతది. అవతల దిక్కు ఇంకోటి కొట్టాలె."

"బస్, గదే. ఇంజన్ పెట్రోల్ గుంజుతున్నది. గుంజినంత గాలి లోపలికి పోవాలె. పోకపోతె లోపల ఖాళీ పడి, టాంకీయే పెట్రోల్‌ను ఎన్కకు గుంజుకుంటది. నిండుగ ఉంటె లోపల గాలి జాగ తక్కువ, జల్దీ బిగుసుకుంటది. కొంచెంసేపు ఆగితె ఎక్కడి నుంచో సన్నగ గాలి దూరుతది, మళ్ల స్టార్ట్. తడిబట్ట లేదు, గిడిబట్ట లేదు."

ఆరు రోజులుగా నన్ను తిప్పలు పెట్టిన ప్రతిదీ ఆ ఒక్క మాటతో వరసలో పడింది. సంతోషానికి బదులు ముందు ఆ గుట్కావాడి మీద కోపమొచ్చింది. చాచా పట్టించుకోలేదు. ఇది మాట, రుజువు కాదన్నాడు. సోమవారం పొద్దున పెట్రోల్ మూత కొంచెం వదులు చేసి దూరం పోయి చూద్దాం, వదులుగా ఉన్నప్పుడు ఆగకుండా, బిగించినప్పుడు ఆగితే రోగం మూతలోనే ఉన్నట్టు అన్నాడు. ట్యాంకులో సగం పెట్రోల్ తీసి డబ్బాలో పోసి పక్కన పెట్టాడు. మూత వదులుగా ఉండగా నిండుగా ఉంటే చిందుతుందని, దగ్గరలో ఎవరూ బీడీ వెలిగించొద్దని రెండుసార్లు చెప్పాడు.

దూరమంటే ఎక్కడికని చాచా అడిగితే గుడిమల్కాపూర్ అన్నాను. పువ్వులకు అప్పుడప్పుడూ పోయే దారే. మూత పావు తిప్పు వదులు చేసి పాతబస్తీ ట్రాఫిక్కంతా దాటుకుంటూ పోయాం. ఒక్క ఎక్కిలి లేదు. మార్కెట్ బయట, బంతిపూల గుట్టల పక్కన చాచా దిగి మూత బిగించాడు. తిరుగు దారి పట్టాం. కారు ఆగాలని దేవుణ్ణి మొక్కుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. పురానాపూల్ దాకా వచ్చాక ఎక్కిళ్లు మొదలయ్యాయి, రోడ్డు పక్కకు తీయగానే ఆగిపోయింది. "ఆగింది చాచా, ఆగింది!" అని నేను అరిచిన అరుపుకు పక్క నుంచి పోతున్న స్కూటర్ ఆయన తిరిగి చూశాడు.

"ఇంజన్‌ను ముట్టకు. గిటురా, ఇను," అని పిలిచాడు చాచా. మూత మీద చెయ్యేసి మెల్లగా తిప్పాడు. స్స్ మని గాలి లోపలికి పోయింది, ఎవరో గట్టిగా లోపలికి పీల్చినట్టు. డొక్కలో ఎక్కడో రేకు డబ్ మంది. తాళం తిప్పాను. మొదటి తిప్పుకే స్టార్టయింది.

మూత ఊడదీసి వెలుగులోకి పట్టుకున్నాడు. నడిమధ్యలో సూది బెజ్జమంత రంధ్రం ఉండాలట, గాలి పోయే దారి అదే. రంధ్రం కనపడలేదు. దాని మీద గోరు మందాన పసుపు, ఆపైన కుంకుమ. నూనెతో కలిపి అద్దింది, గట్టిగా అట్ట కట్టింది. ఎగబీల్చినప్పుడల్లా కొంత లోపలికి కూడా దిగింది.

మేమిద్దరం ఆ పసుపును పొద్దున చూశాం. మూత వదులు చేసినప్పుడు నా వేళ్లకు అంటింది కూడా, చీరకు తుడుచుకున్నాను. బంకులో పెట్రోల్ కొట్టేవాళ్లు నెలల తరబడి చూశారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇక్కడ పసుపు లేని బండి ఉంటుందా? చాచా కూడా తల కొట్టుకున్నాడు. "నలభై ఏండ్ల సంది మీ బండ్లు బాగు చేస్తున్న. హల్దీ లేకుంటె చోరీ బండి అనుకుంట. ఇది నా కంటికే కనపడలే చూడు!"

పసుపు పెట్టింది ఎవరో నేను వేరే అడగక్కర్లేదు. అది అక్కడికి ఎందుకు చేరిందో కూడా నాకే తెలుసు. డయాలసిస్ మొదలయ్యాక అమ్మ ఆసుపత్రికి పోయే ప్రతి పొద్దునా బానెట్ మీద పసుపు, కుంకుమ పెట్టేది. నూనె మరకలతో రంగు పోతోందని ఒకరోజు నాకు చిర్రెత్తుకొచ్చింది. "పెడితె పెట్టు గని, కనపడేటట్టు పెట్టకు!" అని అరిచి, బకెట్ నీళ్లు కొట్టి కడిగేశాను. కనపడేటట్టు పెట్టకు అన్నాను కదా. నా మాట విన్నది. పెట్రోల్ పోసే చోటు మూతకు రేకు తలుపుంటుంది, దానికి డ్రైవరు సీటు పక్కన మీట. బాపు తీసేటప్పుడు చూసి నేర్చుకుని ఉంటుంది. వారానికి మూడుసార్లు ఆ తలుపు తీసి, నా కంట పడకుండా, నేను కడగలేని చోట పెట్టుకుంది.

చాచా అక్కడే స్క్రూడ్రైవర్‌తో పసుపు గీకి, షెడ్డుకు వచ్చాక మూత విప్పి, లోపలి చిన్న స్ప్రింగును పెట్రోల్‌లో కడిగి ఊదాడు. గాలి అవతలికి పోయింది. "అమ్మకు మెల్లగ చెప్పు బేటీ. నీ నోరు నాకెరుకే," అన్నాడు.

మెల్లగానే చెప్పాను. ఆ మధ్యాహ్నం అమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని ఉంది, పాదాలు ఇంకా ఉబ్బాయి. మూత చేతికిచ్చి, రంధ్రం చూపించి, నూనె డబ్బా సంగతి చెప్పి, గాలి, పెట్రోల్ అంతా చెప్పాను. పసుపు సంగతి చివర చెప్పాను. కడిగింది నేనని, అరిచింది నేనని కూడా చెప్పాను. మూతను కళ్ల దగ్గరికి తెచ్చుకుని రంధ్రంలోంచి చూసింది.

"అయితె బండి వద్దనలే."

"అనలేదమ్మా. ఇగ ఆగదు. రేపు పోదాం."

మూత నా చేతిలో పెట్టేసింది. "బండి అనలే. నేనే అన్న."

"ఏందీ?"

"నాకు భయమైతుంది బిడ్డా. ఆ సూదులు గింత లావుంటయ్. నాలుగు గంటలు చెయ్యి కదపొద్దంటరు. పక్క మంచం మీదామె ఉండె కదా, నాకు శెనిగెలు పెట్టేది. పోయిన నెల సంది వస్తలేదు. ఎందుకొస్తలేదంటె నర్సమ్మలు చెప్పరు, అటు దిక్కు చూస్తరు. మొదలు మంగళారం బండి ఆగంగనే నా పానం నిమ్మలమైంది. నీతోని ఎట్ల చెప్పాలె?"

నాకు కోపం తన్నుకొచ్చింది. "చెప్పొద్దా మరి? వారం దినాల సంది మెకానిక్‌ల సుట్టు పిచ్చిదాని లెక్క తిరిగిన!"

"నువ్వడిగినవా? బండికేమైందని ఊరంత అడిగినవ్."

మంచం పక్కన కింద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అమ్మ నా తల మీద చెయ్యేసి, "చుప్ ఉండు, దుకాణంల ఎవ్వలో పిలుస్తున్నరు," అంది. పిలవనిమ్మన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పమన్నాను. పొద్దు గూకేదాకా చెప్పింది. పెరుగు కోసం వచ్చినవాళ్లు రెండుసార్లు అక్కా, అక్కా అని కేకేసి వెళ్లిపోయారు.

మంగళవారం వస్తానని అనలేదు, రాననీ అనలేదు. పొద్దున చూస్తే చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడి ఉంది. కారు ఎక్కడా ఆగలేదు. రోజూ అయితే ఆమెను లోపలికి పంపి నేను దుకాణానికి తిరిగి వచ్చేసేదాన్ని. ఆ రోజు వెంట పోయాను. డయాలసిస్ గదిలోకి బయటి మనుషులు రాకూడదని నర్సు అడ్డుకుంది. అక్కడ మాత్రం నా నోరు పనికొచ్చింది. పెద్ద డాక్టరు దాకా లొల్లి పోయాక, కాళ్లకు తొడుగులు, మూతికి మాస్కు ఇచ్చి, మంచం పక్కన స్టూలు వేశారు.

నర్సు మొదటి సూది తీయగానే అమ్మ రెండో చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. గాజులు నొక్కుకుపోయేంత గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆ సూదులప్పుడు ఏం పట్టుకునేదానివి అని అడిగాను. మంచం కడ్డీ అంది.